దేవుడి ముందు ఎర్ర దీపం

మా బంధువుల్లో చాలా ఏళ్ళుగా ఒక మాట నడుస్తోంది. నా భార్య కారు తలుపు సరిగ్గా వేసేది కాదని, అందుకే బ్యాటరీ దిగిపోయేదని, చివరికి తోలడమే మానుకుందని. ఆ మాట పుట్టించింది నేను. అది నిజం కాదు.

తొంభైల చివర్లో మేము మత్తిగిరిలో కాపురం ఉండేవాళ్ళం. హోసూరులో ఫ్యాక్టరీకి నేను కంపెనీ బస్సులో పోయేవాణ్ణి. ఎవరో వాడి అమ్మిన కారు ఒకటి కొన్నాం కానీ, వారంలో ఎక్కువ రోజులు అది రేకుల షెడ్డు కిందే ఉండేది. ఆదివారం పూట పశువుల ఫారం పక్క రోడ్డులో నా భార్యకు తోలడం నేర్పేవాణ్ణి. గేరు మార్చేటప్పుడు పెదవి కొరుక్కునేది, అంతే; నాకంటే నిదానంగా, బాగా తోలేది. కుందారపల్లిలో పుట్టింటి ముందు తన చేత్తో కారు తెచ్చి ఆపాలని ఆమె కోరిక. వాళ్ళమ్మ తిన్నె మీద కూర్చుని హైవేలో పోయే బండ్లన్నీ చూస్తుండే మనిషి. అందులో ఒకటి కూతురు తోలుకొచ్చినదై ఉండాలని.

ఆ రోజు రానే వచ్చింది. తోడుకని ఆమె అన్న ముందురోజే వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. ఆమె కొత్త చీర కట్టుకుని, మడమ ఎత్తు లేని చెప్పులు వేసుకుని సీట్లో కూర్చుంది. తాళం తిప్పితే 'టక్' మన్న శబ్దం తప్ప ఏమీ లేదు.

"నిన్న తుడిచి డోరు సరిగ్గా వేయలేదు నువ్వు," అన్నాను. "లోపల లైటు వెలిగి వెలిగి బ్యాటరీ దిగిపోయింది."

"వేసే వచ్చినాను. లాగి కూడా చూసినాను," అంది.

వాళ్ళన్న నవ్వాడు. "కారంటే ఎనుములు తోలినట్ల కాదు మ్మీ! దొడ్డి తడిక తెరిచిపెట్టి వచ్చినట్ల వచ్చేసినావు."

నేను కూడా నవ్వాను. ఇద్దరం తోసి, వాలులో స్టార్టు చేసుకున్నాం. ఆలస్యమైందని నేనే తోలాను. ఆమె వెనక సీట్లో కూర్చుంది. అత్తగారింట్లో బండి దిగుతూనే తడిక మాట చెప్పి అందరినీ నవ్వించాను.

మరో రెండుసార్లు అలాగే అయ్యింది. అప్పుడు ఆమె తాళం తెచ్చి గోడ మేకుకు తగిలించి, "మీ కారు మీరే తోలుకోండి," అంది.

తప్పు ఎక్కడుందో నేను వెతకలేదని కాదు. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, దానికీ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు పెట్టి చూశాను. బండి ఆపి ఉన్నప్పుడు ఆ బల్బు వెలిగితే, ఎక్కడో కరెంటు పోతున్నట్టు. మసకగా వెలిగింది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీశాను. తలుపుల స్విచ్చులు, డిక్కీ లైటు, హారను అన్నీ చూశాను. అన్ని ఫ్యూజులూ తీసినా బల్బు వెలుగుతూనే ఉంది.

నేను చూడనిది ఒక్కటే. కిందటి ఆయుధపూజకు డాష్‌బోర్డు మీద దేవుడి పటం పెట్టి, ముందర చిన్న ఎర్ర దీపం బిగించాను. దేవుడి ముందు దీపం ఆరకూడదని మా అమ్మ అంది. అందుకని తాళంతోగానీ ఫ్యూజుతోగానీ సంబంధం లేకుండా, బ్యాటరీ నుంచే నేరుగా తీగ లాగాను. రోజూ తిరిగే బండికి అది లెక్కలోది కాదు. రోజుల తరబడి నిలబడే పాత బ్యాటరీ బండికి అదే చాలు. ఆ దీపం పగలూ రాత్రీ నా కళ్ళ ముందే వెలుగుతోంది. దాన్ని దేవుడి దీపం అనుకున్నానే కానీ, కరెంటు తాగే బల్బు అని ఒక్కసారీ అనుకోలేదు. నా చేతిలో బల్బు వెలిగినప్పుడల్లా అది మసకబారే ఉంటుంది. అటు చూసినవాణ్ణే కాదు.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. నేను ఫ్యూజులన్నీ తీసి, బానెట్ ఎత్తి బల్బు పట్టుకుని నిలబడ్డాను. ఆమె లోపల పటం తుడుస్తూ, తుడవడానికి అడ్డమని ఆ ఎర్ర బల్బును హోల్డరు నుంచి ఊడదీసింది. నా చేతిలో బల్బు ఆరిపోయింది. ఆమె దాన్ని తిరిగి పెట్టింది. నా చేతిలోది మళ్ళీ వెలిగింది.

"ఏమన్నా తెలిసిందా?" అని లోపలి నుంచి అడిగింది.

"యాడో లూజు కనెక్షన్," అన్నాను.

మర్నాడు ఆ తీగను తాళం తిప్పితేనే వెలిగేట్టు మార్చేశాను. ఆ తర్వాత బ్యాటరీ ఎప్పుడూ దిగలేదు. నేను తోలుతున్నాను కాబట్టి సరిగ్గా ఉందని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను.

చాలా ఏళ్ళకు మా కూతురు లైసెన్సు తీసుకుంది. కుందారపల్లిలో అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు వాళ్ళ మేనమామ, "మీ అమ్మ మాదిరి తడిక తెరిచిపెట్టేవు పాపా!" అన్నాడు. అమ్మాయి నవ్వింది. నా భార్య చారు వడ్డిస్తూ తల ఎత్తలేదు. అప్పుడు చెప్పేశాను, దీపం సంగతి, తీగ సంగతి, అంతా.

వాళ్ళన్న పెద్దగా నవ్వాడు. "ఇన్నేండ్లకు ఇంటిదాన్ని వెనకేసుకొని వస్తా ఉండావా బావా?"

"పెండ్లాం మీద ప్రేముంటే ఉండనీ గానీ, దాని తప్పు తీసకపోయి దేవుడి మీద ఏస్తావేమప్పా!" అంది మా అత్త.

ఎవరూ నమ్మలేదు. అందుకే ఇప్పుడు రాసి పెడుతున్నాను.

తిరుగుదారిలో శూలగిరి దాటాం. అప్పుడు నా భార్య, "ఆ పూజ పొద్దే తెలుసునా మీకు?" అంది.

"తెలుసు."

"ఏమన్నా తెలిసిందా అని నేను అడిగినప్పుడు?"

"అప్పుడే తెలిసింది."

ఇంటి ముందు బండి ఆపి నేను తాళం తీసుకుని లోపలికి నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే, ఆమె కారు చుట్టూ తిరుగుతూ ఒక్కో తలుపూ లాగి చూస్తోంది. ఇన్నేళ్ళూ బండి ఆపినప్పుడల్లా ఆమె అలా చేయడం నేను చూసినదే. అది ఆమెకు ఉత్త అలవాటు అనుకునేవాణ్ణి.