కొంగులో కట్టిన ఫ్యూజులు

కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తుంటే రొయ్యల చెరువుల మధ్య ఒక చిన్న పేట వస్తుంది. తుఫాను తెరిపిచ్చిందంటే చాలు, ఎస్తేరు వీధిలోకి వస్తుందని ఆ పేటలో అందరికీ తెలుసు. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. పొయ్యి దగ్గర ఎంత నెమ్మదో, ఆ ఒక్క రోజు అంత మొండి. తలమీద యూరియా సంచి మడిచి వేసుకుని, చీర పైకి దోపుకుని, మోకాలిలోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చి, జనరేటరు ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగి చెయ్యి చాపేది.

"ఫ్యూజులివ్వండి."

మీటరు పక్కనుండే తెల్ల పింగాణీ ఫ్యూజులు పీకి ఆమె చేతిలో పెట్టేవాళ్లు. కొంగున మూటగట్టి బొడ్లో దోపుకునేది. లైనుమన్ పని ముగించి స్తంభం దిగాక, మళ్లీ ఇంటింటికీ తిరిగి ఎవరివి వాళ్లకు ఇచ్చేది. ఆలోగా ఎవరైనా తమ ఇంట్లో జనరేటరు వేసుకున్నా, ఆ కరెంటు ఇల్లు దాటి బయటి తీగల్లోకి వెళ్లదు. ఆమెకు కావలసింది అదే.

"ఎస్తేరక్కా, పక్కవీధిలో కరెంటొచ్చి మాకు రాకపోతే నీదే పూచీ. ఫ్రిజ్జులో చేపలున్నాయి" అనేవారు ఎవరో.

"పాడైతే పట్టుకురా. పులుసు పెట్టి నీకే పోస్తాను" అనేది ఆమె, ముడి బిగించుకుంటూ.

నవ్వేవాళ్లు నవ్వేవాళ్లే గానీ, ఇవ్వనన్నవాళ్లు లేరు. ఆమె ఎందుకు అడుగుతోందో వాళ్లు కళ్లారా చూసినవాళ్లు.

ఆమె భర్త ఇస్సాకు లైనుమన్. ఇలాంటి చలికాలపు తుఫానే ఒకటి వెలిసిన మర్నాడు, చెరువుల పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం ఎక్కాడు. ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాడు. అప్పటికి చెరువుగట్ల మీద జనరేటర్లన్నీ ఒక్కటిగా మోగుతున్నాయి. నీళ్లలో చక్రాలు తిరక్కపోతే రొయ్యలకు గాలి అందదు, పంటంతా పోతుంది. ఏ చప్పుడు ఏ గట్టుదో తెలియడం లేదు. దగ్గరి చెరువుకు కాపలా ఉండే అంజిని ఇస్సాకు కేకేసి అడిగాడు.

"అంజీ, జనరేటర్ కట్టేశావా?"

"కట్టేశా మావా!"

కుళాయి కట్టెయ్, ఫ్యాను కట్టెయ్ అన్నప్పుడు ఆ పేటలో ఎవరైనా ఆపేస్తారు. ఇస్సాకు అడిగింది అదే. అంజి విన్నది వేరు. తడిసి పాడైన స్విచ్చును వదిలేసి, జనరేటరు వైర్లను మీటరు దగ్గర తిన్నగా లైనుకే కట్టడానికి వాడు పొద్దున్నుంచీ కిందామీదా పడుతున్నాడు. అప్పుడే ఆ పని పూర్తయింది. మావ అడుగుతున్నది దాని గురించే అనుకున్నాడు. చెరువు దగ్గర పుట్టిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి ఎక్కి, అక్కడ వేల వోల్టులై, పైన తీగ పట్టుకున్న మనిషిని పట్టుకుంది.

సమాధి దగ్గర అంజి నోట ఒకటే మాట. "కట్టేశాననే చెప్పాను అక్కా. అబద్ధం చెప్పలేదక్కా."

చెప్పలేదు. ఇస్సాకు తప్పుగా వినలేదు కూడా. ఎవరిని తిట్టుకోవాలో తెలియక ఎస్తేరు చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా వంటలోకి దిగింది, చర్చికి రావడం మొదలుపెట్టింది. 'కట్టెయ్' అన్న మాట మాత్రం ఆమె ఇంట్లోకి మళ్లీ రాలేదు. లైటయినా పొయ్యయినా 'ఆపు' అనేది. కొన్నాళ్లకు ఆపామన్న మాటనూ నమ్మడం మానేసింది. ఫ్యూజు చేతికి రావలసిందే. ఏ తుఫానుకైనా ఆమె అడక్కముందే ఫ్యూజులు పట్టుకుని గట్టు దిగి వచ్చేవాడు అంజి ఒక్కడే. ఇచ్చేసి, తల ఎత్తకుండా వెళ్లిపోయేవాడు.

తండ్రి ఉద్యోగం కొడుకు అరుణ్‌కు ఇచ్చారు. చేరమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు ఎస్తేరు. మొదటి రోజు క్యారేజీ కట్టి చేతికిచ్చి, వాకిట్లోనే నిలబడి చూసింది.

ఈసారి తుఫాను క్రిస్మస్ నెల మొదట్లో వచ్చింది. పేటలో కాగితపు స్టార్లు అప్పుడే వెలుస్తున్నాయి. బందరులో ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో చెప్పగానే స్టార్లు దించి లోపల పెట్టుకున్నారు. ఎస్తేరు బిందెలూ డ్రమ్ములూ నింపింది. అగ్గిపెట్టెల్ని స్టీలు డబ్బాలో పెట్టి, ఫోనూ ఛార్జింగు లైటూ నిండా ఎక్కించుకుంది. ఎదురింటి కృపాకుమారి టీచరు ఇంటికి తాళం వేసి గుడివాడలో కూతురింటికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "మా ఇల్లు కాస్త చూస్తూ ఉండు ఎస్తేరూ. స్టారు వరండా గ్రిల్లు లోపల పెట్టాను, ఎగిరిపోదులే" అంది.

గాలి రాత్రంతా వీచి పొద్దెక్కాక తగ్గింది. వరిపనలు నీళ్లలో తేలుతున్నాయి. ఎస్తేరు వీధి మొదట్లో మునగచెట్టు తీగల మీద పడి, రెండు స్తంభాల మధ్య వైర్లు తెగి వేలాడుతున్నాయి. ఆ వీధిలో ఉన్న నాలుగిళ్లూ ఊరి లైను నుంచి విడిపోయినట్టే.

మధ్యాహ్నానికి అరుణ్ వచ్చాడు. నిచ్చెన ఒకరూ, వైరుచుట్ట ఒకరూ మోసుకుంటూ, తోటి లైనుమన్‌తో కలిసి నీళ్లలో నడిచి వచ్చాడు. మిగతా సరంజామా ఉన్న జీపు కాలువ అవతలే ఆగిపోయింది.

"ముందీ వీధి కలిపేస్తానమ్మా. లీలావతత్త మిషను మీద ఉందిగా" అన్నాడు.

"నేను తిరిగొచ్చేదాకా ఎక్కకు."

"తెలుసులేవే. చిన్నప్పట్నుంచీ వింటున్నా."

లీలావతి ఆ వీధి చివరింటి మనిషి. ఊపిరితిత్తులు పాడై, ఆక్సిజన్ మిషను పెట్టుకుంటే తప్ప తిన్నగా పడుకోలేని స్థితికి వచ్చింది. ఆమె భర్త జీవానందం బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. ఇస్సాకుకు ప్రాణస్నేహితుడు. ఇస్సాకు పెట్టెను ముందు భుజం పెట్టి మోసినవాడు. బందరులో ఉండే అల్లుడు అనిల్ కుమార్, తుఫానుకు ముందే చిన్న జనరేటరొకటి తెచ్చి పెట్టాడని ఎస్తేరు విన్నది.

ఆమె వెళ్లేసరికి జీవానందం మంచం పక్కన కూర్చుని భార్య వీపు రాస్తున్నాడు. లీలావతి కళ్లు మూసుకుని గాలి లాక్కుంటోంది. ముక్కు దగ్గర గొట్టం. పెరట్లో ఎక్కడో జనరేటరు, దూరంగా గట్ల మీద జనరేటర్లు, అన్నీ కలిసిపోయి మోగుతున్నాయి.

"అరుణ్ స్తంభం ఎక్కుతున్నాడన్నయ్యా. మెయిన్ స్విచ్చు సంగతి..."

"అంతా కట్టేసే వెళ్లాడమ్మా అల్లుడు. నిన్ననే. నువ్వేం దిగులు పెట్టుకోకు" అన్నాడు జీవానందం. ఆ చెయ్యి వీపు మీంచి కదల్లేదు.

ఎస్తేరు ఫ్యూజు అడగబోయింది. లీలావతికి దగ్గు తెర వచ్చింది. మనిషి మొత్తం వంగిపోయి వణికింది. ఇలాంటప్పుడు మీటరు దగ్గరకు లెమ్మని ఈయన్నెలా అడిగేది? ఇస్సాకు సంగతి ఈయనకంటే ఎవరికి తెలుసు? చెయ్యి చాపకుండానే గుమ్మం దాటింది. అన్నేళ్లలో అలా దాటడం అదే మొదలు.

వీధిలోకి వచ్చింది. అరుణ్ నిచ్చెన వేసి, బెల్టు బిగించుకుంటున్నాడు.

"అయిందామ్మా?"

"అయిందిరా" అనబోయి కొంగు తడుముకుంది. ముడిలో అంజి ఇచ్చినవీ, జనరేటరు లేకపోయినా పీకిన తమ ఇంటివీ ఉన్నాయి. అయినా చేతికి ఏదో తక్కువైనట్టు అనిపించి వెనక్కి తిరిగింది.

మబ్బుకు వీధంతా మసకగా ఉంది. ఎదురుగా కృపాకుమారి టీచరు ఇల్లు, తలుపుకు తాళం. గ్రిల్లు లోపల స్టారు వెలుగుతోంది. వెలుగంటే వెలుగు కాదు. ఆరబోయే నిప్పులా ఎర్రగా, ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ. టీచరు స్విచ్చు ఆపడం మర్చిపోయి వెళ్లింది. కానీ ఊళ్లో ఎక్కడా కరెంటు లేదు. తెగిన వీధిలో అసలు లేదు.

"అరుణ్!"

ఆ కేకకు గట్టు మీది కొంగలు లేచాయి. అరుణ్ రెండో మెట్టు మీద ఉన్నాడు. చెయ్యి పైకి చాచలేదు ఇంకా.

"దిగు! దిగరా! వైరు ముట్టుకోకు!"

అతను దిగాడు. తల్లి చూపు పోయినవైపే చూసి స్టారును చూశాడు. బెల్టు కొక్కెం విప్పేశాడు.

ఆ వీధిలో జనరేటరున్నది జీవానందం ఇంట్లోనే. ఎస్తేరు నీళ్లలో అటు పరుగెత్తింది. నిచ్చెన తోటివాడికి అప్పగించి అరుణ్ వెనకాలే వచ్చాడు.

"అన్నయ్యా, కట్టేశాడన్నావు! ఏం కట్టాడు అల్లుడు?"

ఆ మాట ఆమె నోట విని జీవానందం బిత్తరపోయాడు. "జనరేటరమ్మా. మోటారు ప్లగ్గుకు కట్టాడు. ఇల్లంతా వస్తుందన్నాడు."

"మెయిన్?"

"మెయిన్ ఆపితే మన ఇంట్లోనూ పోతుంది కదా... మిషను..." అని ఆగిపోయాడు. ఆమె వెనక గుమ్మంలో నిలబడ్డ అరుణ్‌నూ, నడుముకు వేలాడుతున్న బెల్టునూ చూశాడు. ఒక్కసారిగా ముసలివాడైపోయాడు.

"చెల్లెమ్మా... నేను..."

"అవన్నీ తర్వాత అన్నయ్యా. అరుణ్, ఏం చెయ్యాలి?"

అరుణ్ పెరట్లోకి వెళ్లి చూసొచ్చాడు. రెండు చివర్లా పిన్నులున్న ప్లగ్గులే కట్టిన వైరు, ఒక కొస జనరేటరులో, ఇంకో కొస మోటారు ప్లగ్గులో. ఆ మోటారు ప్లగ్గు మెయిన్‌కూ ఫ్యూజులకూ ముందే, మీటరు నుంచే తీసింది; అవి పీకినా కరెంటు బయటికి పోతూనే ఉంటుంది, దాన్ని అలా ఉంచడానికి వీల్లేదు. పీకేసి, జంక్షన్ బాక్సు పెట్టి, జనరేటరు నుంచే తిన్నగా మిషనుకు తీసుకురావాలి. అంతసేపూ మిషను ఆగుతుంది.

"ఎంతసేపురా?" అన్నాడు జీవానందం.

"త్వరగానే చేస్తాను మావయ్యా. వైరు పొడుగు చాలాలి. తడిలేని చోట పెట్టాలి. నిమిషంలో అయిపోతుందని మాత్రం చెప్పలేను."

"అసలే పొద్దున్నించీ ఆయాసం. ఆపితే తట్టుకోలేదురా. ఈ ఒక్క రోజుకు నువ్వు ఎక్కకపోతే ఏం? రేపు జీపొచ్చాక..."

"జనరేటర్లో పెట్రోలెంతుంది?" అంది ఎస్తేరు.

జీవానందం పెరటి వైపు చూశాడు. దారంతా నీళ్లే. రేపటిదాకా పెట్రోలు చాలదని ఆ ముగ్గురికీ తెలుసు. ఎక్కక తప్పదు, ఆపక తప్పదు. కానీ ఆపండి అని చెప్పడానికి ఎస్తేరుకు నోరు రాలేదు. ఆమె కొడుకు కోసం ఇంకొకళ్ల భార్య ఊపిరి ఆపమనడం ఎలా? తన భర్త ప్రాణానికి అప్పుడు ఎవరూ ఇలా నిలబడి ఆలోచించలేదు. ఆలోచించడానికి వాళ్లకు తెలియనే తెలియదు.

మంచం మీద నుంచి చిన్న చప్పుడు వినిపించింది. లీలావతి కళ్లు తెరిచి అరుణ్‌నే చూస్తోంది. చెయ్యెత్తి, చెవుల మీది గొట్టాన్ని తనే తీసి ఒళ్లో పెట్టుకుంది.

"చెయ్యరా" అంది. కాసేపు ఆగి, గాలి పీల్చుకుని, "ఇస్సాకు కొడుకువి. చెయ్యి" అంది.

జనరేటరు ఆగింది. ఎస్తేరు మంచమెక్కి లీలావతిని తన గుండెకు ఆనించుకుని కూర్చోబెట్టింది. జీవానందం తాటాకు విసనకర్ర తెచ్చి విసిరాడు. ఊపిరి ఈలలా వస్తోంది, మధ్యలో ఆగుతోంది, మళ్లీ వస్తోంది. "నాతో పాటు పీల్చొదినా, నాతో పాటు" అంటూ ఎస్తేరు తన రొమ్మును నెమ్మదిగా ఎగరేసింది. లీలావతి గోళ్లు ఆమె మణికట్టులో దిగాయి. పెదవుల రంగు మారుతోంది. జీవానందం విసురుతూనే, పెదవులతోనే ప్రార్థన చేస్తున్నాడు. పెరట్లో అరుణ్ కాలుజారి పడ్డ చప్పుడు, లేచిన చప్పుడు. జంక్షన్ బాక్సు కిటికీలోంచి లోపలికొచ్చింది.

జనరేటరు మళ్లీ మోగింది. మిషను బుసకొట్టింది. ఎస్తేరు గొట్టం మళ్లీ ముక్కుకు పెట్టింది. లీలావతి పట్టు కొంచెం కొంచెంగా సడలింది.

జీవానందం లేచి వెళ్లి మెయిన్ దించాడు. ఫ్యూజులు పీకాడు. రెండు చేతులతో తెచ్చి ఎస్తేరు ముందు పట్టుకున్నాడు.

"టిక్కెట్టు లేనివాణ్ని ఒక్కణ్ని కూడా బస్సెక్కనివ్వలేదమ్మా నేను. ఇవాళ నన్నెవరూ అడక్కపోతే..."

"నేనడగాల్సింది అన్నయ్యా" అంది ఎస్తేరు, కొంగు విప్పి అవి కూడా వేసి ముడివేస్తూ. "అడక్కుండా వెళ్లింది నేను."

అరుణ్ స్తంభం ఎక్కేటప్పుడు స్టారు ఆరిపోయి ఉంది. ఎస్తేరు కింద నిలబడింది. పక్కన ఎవరో వచ్చి నిలబడ్డట్టనిపించి చూస్తే జీవానందం. గొడుగు లేదు. సన్నగా తుంపర పడుతోంది. గట్టు మీద అంజి కూడా నిలబడే ఉన్నాడు, దూరంగా. పైనుంచి అరుణ్ వంగి, "అమ్మా, ఫ్యూజులు?" అన్నాడు. ఆమె కొంగు ముడి పైకెత్తి చూపించింది. ఆ తర్వాతే అతని చెయ్యి తీగ మీద పడింది. పని అవుతున్నంతసేపూ ఆమె ఆ చేతినే చూసింది.

చీకటి పడే వేళకు కరెంటు వచ్చింది. పక్క వీధుల్లో పిల్లలు కేకలు పెట్టారు. టీచరు ఇంటి గ్రిల్లు లోపల స్టారు ఈసారి తెల్లగా, నిలకడగా వెలిగింది. ఈ వీధిలో మాత్రం, ఫ్యూజులు ఇంకా ఎస్తేరు కొంగులోనే ఉన్న రెండిళ్లు చీకట్లోనే ఉన్నాయి.

అరుణ్ దిగి, చేతులు కడుక్కుని, అన్నం ఉందా అని అడిగాడు. ఉందంది ఎస్తేరు. ముందు జీవానందం ఇంటికి నడిచింది. ఛార్జింగు లైటు వెలుగులో అరుగు మీద కూర్చుని ముడి విప్పబోయింది. తడిసిన ముడి బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు.

జీవానందం ఆమె ముందు నేలమీద చతికిలబడ్డాడు. ఆ కొంగు చివర చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి తోసుకుని, ముడిలో గోరు దూర్చి మెల్లమెల్లగా విప్పసాగాడు. లోపల మిషను నడుస్తోంది. ఎస్తేరు ఒళ్లో చేతులు పెట్టుకుని, ఆయన విప్పేదాకా కూర్చుంది.