గ్రహణం కాలు

కోకాపేటలో తమ్ముడు కొన్న ఫ్లాటు పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని అమ్మతో వెళితే, సీలింగుకు పూసిన తడి ప్లాస్టర్ వాసన నన్ను పాత ఆసుపత్రి వసారాలోకి లాక్కెళ్ళింది.

తొంభైల చివర్లో నాన్న ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి గోపన్‌పల్లిలో అద్దెకుండేవాళ్ళం. పగలంతా కొత్త ఆఫీసుల కోసం బండలు పేల్చే చప్పుడు, కిటికీ ఊచల మీద తెల్లటి రాతిపొడి, వాన పడితే ఆ పొడి తడిసిన వాసనలో కలిసే కాల్చిన మొక్కజొన్న కంకుల కమ్మదనం, గుట్టల సందుల్లో మా దాగుడుమూతలు. అమ్మ కడుపుతో ఉండగా, ఆషాఢం చివర సూర్యగ్రహణం వచ్చింది. నాయనమ్మ ఊరగాయ జాడీల్లో దర్భలు వేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, అమ్మను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు ముడిస్తే బిడ్డ కాలు ముడుచుకుపోతుందని చెప్పి, నన్ను కాపలా కూర్చోబెట్టింది. దాహమేసినా అమ్మ లేవలేదు. ఈగ వాలినా పాదం కదపలేదు.

చలికాలంలో తమ్ముడు పుట్టాడు. కుడిపాదం లోపలికి తిరిగి ఉంది.

"కదిలే ఉంటుంది," అంది నాయనమ్మ.

"కదల్లేదు, నేను చూశాగా."

"మోకాళ్ళ దాకా కప్పుకున్న దుప్పటి కింద చూశావా?"

ఇంటి ఓనరమ్మ గుమ్మంలోనే నిలబడి, "ఏందమ్మా, సూర్యునికి నీ కోడలి కాళ్ళు సూసుడు తప్ప వేరే పనే లేదా? జర దవాఖానకు తీస్కపోండ్రి," అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఇంట్లో ఇంకెవరికైనా పాదం ఇలా ఉందా అని అడిగింది.

"మా వంశంలో ఎవరికీ లేదండి," అంది నాయనమ్మ.

నాయనమ్మ సొంత తమ్ముడు పుట్టినప్పటి నుంచి పాదం అంచు మీదే నడిచేవాడు. నేను ఆయన పేరెత్తాను.

"వాడిది గ్రహణం కాలు. అది రోగం కాదు."

డాక్టరమ్మ అమ్మ వైపు తిరిగి, "కారణం పూర్తిగా మాకూ తెలీదమ్మా. ఒకే కుటుంబంలో మళ్ళీ రావచ్చు. నువ్వు పడుకున్న తీరుకీ దీనికీ సంబంధం లేదు," అంది. వారం వారం పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ తడి ప్లాస్టర్‌తో పిండికట్లు వేశారు. కట్టు విప్పిన ప్రతిసారీ నాయనమ్మ, "ఒక్క పూట ఓర్చుకుని ఉంటే," అనేది.

ఒకే ఇంట్లో రెండు పాదాలు ఒకేలా తిరిగితే ఆ ఇంటివైపు చూడాలి. మావాళ్ళు ఆకాశాన్ని అడిగారు. ఆకాశం ఎప్పుడడిగినా కోడలి పేరే చెబుతుంది.

ఇప్పుడు ఆ గుట్టలు లేవు. ఓనరమ్మ ఇల్లు లేదు, నాయనమ్మా లేదు. తమ్ముడు కొత్త గచ్చు మీద చెప్పుల్లేకుండా తిరుగుతూ స్విచ్చులు ఎక్కడ పెట్టాలో చెబుతున్నాడు. కుడి పిక్క కాస్త సన్నం, అంతే. గది మూల చాప వేసుకుని అమ్మ నిద్రపోతోంది, వెల్లకిలా, కాళ్ళు రెండూ తిన్నగా చాపుకుని. ఆ గ్రహణం రోజు నుంచి ఆమె మరోలా పడుకోవడం నేను చూడలేదు. పాదం మీద ఈగ వాలింది. పాదం కదల్లేదు.