అస్తరు రంగు కళ్ళు

కోట్లు కుట్టే నాన్నమ్మ పనిలో ఉంటే మాట్లాడదు. పెదవుల మధ్య గుండుసూదులు ఉంటాయి. ఎవరేమన్నా "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ"తోనే తమను పెంచి పెద్దచేసిందని బాబాయి వేళాకోళం.

ఆ రోజు ఇంటిల్లిపాదీ ఫోటో దిగాలి. అందరూ తయారయ్యారు. మనవరాలు మాత్రం కుట్టుమిషను కింద దూరి కూర్చుంది.

"రావే, ఆలస్యమవుతోంది," అంది అమ్మ.

"నేను రాను. నేను మీ పిల్లని కాదు. ఆస్పత్రిలో మారిపోయానంట, బాబాయి చెప్పాడు. మీ అందరివీ గోధుమరంగు కళ్ళు. నావి బూడిదరంగు."

బాబాయి గోడవైపు చూశాడు. "నవ్వులాటకన్నాను, వదినా."

"నీ నోరు ఊరుకోదు కదా."

నాన్నమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి చిన్న సూదుల దిండుకు గుచ్చింది. సూదులు తీసిందంటే మాట పెద్దదే.

కుట్టి ముగించిన కోటు ఒకటి మనవరాలి ఒళ్ళో వేసింది.

"ఇదేం రంగే?"

"గోధుమరంగు."

"లోపల చూడు."

లోపల బూడిదరంగు అస్తరు.

"కళ్ళూ ఇంతే. అమ్మ ఒక గుడ్డ ఇస్తుంది, నాన్న ఒకటి ఇస్తాడు. రెండింట్లో ఒక్కటి గోధుమదైనా అదే పైకి కనిపిస్తుంది. బూడిదది లోపల దాగుంటుంది. మీ నాన్నకి నేను గోధుమది ఇచ్చాను, మీ తాతయ్య బూడిదది ఇచ్చారు. నీవి అచ్చం ఆయన కళ్ళే."

మనవరాలు గోడమీది తాతయ్యను చూసింది. నలుపు తెలుపు ఫోటో. రంగు తెలియదు.

"మరి అమ్మ?"

"దానికీ లోపల అస్తరుంది. ఏ ముత్తాతదో. నీ వంతుకి ఇద్దరూ అస్తరు గుడ్డే ఇచ్చారు. పైన కప్పడానికి గోధుమది లేదు."

"కావాలనే ఇచ్చారా?"

"చూసి ఇచ్చేది కాదే. చీకట్లో గుడ్డల బుట్టలో చెయ్యి పెట్టినట్టే. నిజానికి ఇంకా బోలెడు చిన్న ముక్కలు కలుస్తాయట. మన ఇంటి లెక్కకి ఇవి చాలు."

మనవరాలు కాసేపు అస్తరు నిమిరింది. తర్వాత కోటు తిరగేసి, బూడిదరంగు పైకి వచ్చేలా తొడుక్కుని బయటికి వచ్చింది. కోటు చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి.

"అది కుట్టడానికిచ్చినవాళ్ళదే," అంది నాన్నమ్మ. విప్పమనలేదు.

ఫోటోలో మనవరాలు కళ్ళు ఇంతలేసి చేసుకుని మధ్యలో నిలబడింది. బాబాయి కళ్ళు మూతపడ్డాయి.

"బాబాయివి ఏ రంగో తెలియట్లేదు," అంది మనవరాలు. "ఆస్పత్రిలో మారిపోయుంటాడు."

"ఊఁ," అంది నాన్నమ్మ, సూదుల మధ్యనుంచి.