ఘంటాగాడిలో నా గొంతు

మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ బొగ్గుగని క్వార్టర్లలో ర్యాపర్ కావాలనుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. అందుకే పోటీ లేదు.

కాలేజీలో చేరిన ఏడాది ఒక అమెరికా ర్యాపర్ ఇంటర్వ్యూ ఫోన్లో చూశాను. అతని ఊళ్లోనూ పొగగొట్టాలే. తల్లి ఆసుపత్రిలో నేల తుడిచేది. అతను బట్టల అలమరలో కూర్చుని మొదటి పాట రికార్డు చేశాడట. బస్టాపుల్లో నిలబడి సీడీలు పంచాడట. మొదటిసారి వేదికెక్కితే జనం అరిచి దింపేశారట. తర్వాత అదే జనం అతని టికెట్ల కోసం బారులు తీరారు. నాకది ఒక మనిషి కథలా కాదు, వంట చేసే పద్ధతిలా వినిపించింది. వరసగా చేస్తే చాలు, నేనూ తయారైపోతాను.

ముందు అలమర. మా ఇనుప బీరువా అరలు ఊడదీసి, చుట్టూ బొంతలు కట్టి లోపల కూర్చున్నాను. అది మే నెల. చంద్రపూర్ ఎండలో బయటే ప్రాణం పోతుంది. రెండో చరణం దగ్గర అమ్మ తలుపు తెరిచింది.

"ఏందే, బీరువాల గూసున్నవ్? నాయినతోని కొట్లాడినవా?"

"రికార్డింగ్ అమ్మా."

"గట్లయితే నా చీరలేడ వెట్టినవ్?"

పాట ఇంగ్లీషులో రాశాను. అందులో మంచు ఉంది, తుపాకీ ఉంది. రెండూ నేను చూసినవి కావు. ర్యాప్‌కి కోపం కావాలంటారు. నాకు జరిగిన అన్యాయాల కోసం ఇల్లంతా వెతికితే, చెల్లికి పెద్ద రొట్టె పెట్టిన సంగతి ఒక్కటే దొరికింది. సీడీలు ఎవరూ వినడం లేదు కాబట్టి పాటను చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. విరూర్ నుంచి పెదనాన్న దండం పెట్టే బొమ్మ పంపాడు.

ఆ ఏడు గణపతి మండపం దగ్గర వేదిక ఎక్కాను. పాట అయిపోయాక జనం అరుస్తారని ఎదురుచూశాను. ఎవరూ అరవలేదు. ముందు వరసలోని పక్కింటి అత్త మాత్రం మెల్లగా అడిగింది, "పిల్లా, ఎవల్ని తిట్టినవే గంతగనం?" తర్వాత అందరితోపాటు నాకూ ప్రసాదం పెట్టారు. అవమానం కూడా దక్కలేదు.

ఆ జనంలోనే మున్సిపాలిటీలో పనిచేసే ఒక మేడమ్ ఉంది. ఇంత వేగంగా, ఇంత గట్టిగా పలికే గొంతు తమకు కావాలని మరాఠీలో అంది. దేనికయ్యా అంటే ఘంటాగాడికి. అంటే పొద్దున్నే గల్లీల్లో తిరిగే చెత్తబండికి. నాకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను.

గనిలో పెద్ద మెషీన్ నడిపే మా నాన్న తాపీగా అన్నాడు, "మంచిదే గదా. నీ అమెరికాయన పాట ఇనాల్నంటె టికెట్ కొనాలె. నీది అందరి ఇంటి ముంగటికే వస్తది."

పాట మరాఠీలో రాశాను. తెలుగువాళ్ల బస్తీలున్నాయి, రెండు లైన్లు తెలుగులో కూడా కావాలన్నారు. అమ్మ వంటింట్లో రోజూ సణిగేదే పెట్టాను: "తడిది ఇందుల, పొడిది అందుల, కలిపినవంటె కడిగేదెవలే?" పెళ్లి వీడియోలు చేసే స్టూడియోలో ఒక్క దెబ్బకు పూర్తయింది.

అప్పట్నుంచి పొద్దున్నే ఊరంతా నా గొంతే. ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు. ఒకరోజు పక్కింటి అత్త బకెట్ పట్టుకుని నాతోనే మొర పెట్టుకుంది, "ఈ పోరి నోరు వడిపోను, పండనిస్తలేదు."

"అది నేనే అత్తా."

"పో! గామెది బొంబాయట."

కిందటేడు గోండ్‌పిప్రిలో ఒక కాలేజీ వాళ్లు, తమ ఊరి చెత్తబండిలోనూ మోగే ఆ గొంతు నాదేనని స్టూడియోలో తెలుసుకుని పిలిచారు. ఈసారి నా సొంత పాటలు తీసుకెళ్లాను, ఎండ మీద, గని బస్సు మీద. మర్యాదగా విన్నారు. తర్వాత వెనక నుంచి ఎవరో చెత్త పాట కావాలని "కచరా! కచరా!" అంటూ మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. పాడాను. తెలుగు లైన్లు నాకంటే గట్టిగా వాళ్లే పాడారు.

దిగాక ఒక అమ్మాయి పుస్తకం చాపింది. "అక్కా, మా అమ్మమ్మ గూడ గిట్లనే అంటది. ఆ తెలుగు మాట తెలుగులనే రాసియ్యవా?"

పెన్ను తీసుకున్నాను. బడిలో నేను చదివింది మరాఠీ. దేవనాగరిలో రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె చూసి, పుస్తకం మూసి సంచిలో దాచుకుంది. ఆ వారమే బజారుకెళ్లి చిన్నపిల్లల తెలుగు అక్షరాల పుస్తకం ఒకటి కొన్నాను. కొట్టువాడు పాపకు ఎన్నేళ్లని అడిగాడు.