మా అమ్మాయి రాకెట్లు చెయ్యలేదండి

ఉతికిన బట్టలు తేవడానికి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాను. సంచి సర్దుతుంటే మా ఆయన ఫోను. "నువ్వు రాకు. మేమే తీసుకొస్తున్నాం" అన్నారు. మా అమ్మాయి పోయిందని నాకు అలా తెలిసింది. సెలవుకి వచ్చిన పిల్ల, జ్వరంతో పోయింది.

పెద్దకార్యం అయ్యేదాకా గడప దాటకూడదన్నారు. ముందుగదిలో ఈ చాప మీదే ఉన్నాను. వచ్చినవాళ్ళంతా ఎలా పోయిందనే అడుగుతున్నారు. ఏం పని చేసేదని ఒక్కరూ అడగరు. నేను పెద్దగా చదువుకోలేదు. అయినా తను చెప్పింది చెప్పినట్టు గుర్తుంది. మీకు చెబుతాను.

లోకం పుట్టిన కొత్తలో బయలుదేరిన వెలుగు ఇంకా మన మీదికి వస్తూనే ఉందట. కంటికి కనపడదు, టెలిస్కోపుకే అందుతుంది. అది ఏ వాలుగా ఊగుతోందో చూస్తే మొదట్లో ఏం జరిగిందో తెలుస్తుందట. నీళ్ళలో రొయ్యలు కనపడాలని వాళ్ళ నాన్న కొనుక్కున్న నల్ల కళ్ళద్దాలు ఓసారి చెరువుగట్టు మీద నా కంటికి అడ్డం పెట్టింది. నీటి మీద మెరుపు పోయింది. అద్దాలు నిలువుగా తిప్పింది. మెరుపు మళ్ళీ వచ్చింది.

"చూశావా, వెలుగుకీ వాలుంటుందమ్మా."

"అది చూడ్డమేనా నీ పని?"

"కాదు. టెలిస్కోపు ఎంత వంకరగా చూస్తోందో కనిపెట్టడం. ఎదురు కొండ మీద మేమే ఒక దీపంలాంటిది పెడతాం. దాని వాలు మాకు ముందే తెలుసు. టెలిస్కోపు ఎంతని చెబుతుందో చూస్తాం. తేడా వస్తే అది టెలిస్కోపు వంకర. లెక్కలోంచి తీసేస్తాం."

"వంకలు పట్టడానికి అంత చదువెందుకే? మీ నాన్నమ్మయితే వీధిలోంచే పట్టేస్తుంది!"

గట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వాగాక, "మన వంకర తీసుకెళ్ళి ఆకాశానికి అంటగట్టకూడదమ్మా" అంది. ఇంట్లోనూ అంతే. కూర చప్పగా ఉందనే ముందు మంచినీళ్ళు తాగి, మళ్ళీ రుచి చూసి అప్పుడనేది.

నిన్న మా మరిది ఫ్లెక్సీ తెచ్చి, విప్పి చూపించి, వరండా గ్రిల్లుకి అడ్డంగా కట్టించాడు. గదిలో వెలుతురు పోయింది. అమ్మాయి ఫొటో పక్కన నిప్పులు కక్కుతూ రాకెట్టు.

"పిల్ల రాకెట్లు చెయ్యలేదయ్యా. తీయించు."

"ఊరుకోండి వదినా. రాకెట్టుంటే గానీ జనానికి అర్థం కాదండి."

"అర్థం కాకపోతే అడుగుతారు. అడగనివ్వయ్యా."

నా మొహంలోకి చూశాడు. బ్లేడు తెచ్చి ఆ ముక్క కోసేశాడు. ఇప్పుడు ఫ్లెక్సీకి రాకెట్టంత కన్నం. అందులోంచి ఎండ వచ్చి నా ఒళ్ళో పడింది. పొద్దు కుంగుతున్నకొద్దీ అది మెల్లగా భుజం మీదుగా గోడెక్కుతోంది. కదలకుండా దాన్నే చూస్తున్నాను.