తనిఖీ రోజు ఆరేసిన బట్టలు

కంపెనీలు తమ గురించి తాము చెప్పుకునే మంచి నిజమో కాదో చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. పెళ్లికొడుకు గురించి వాకబు చేయడం లాంటిదే. కాకపోతే బస్సు చార్జీలిస్తారు.

ఆ రోజు సూర్యాపేటలో బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లాను. అక్కడి ఒక రైస్ మిల్లు, బాయిలర్‌లో ఊక కాల్చగా వచ్చే బూడిదంతా కోదాడ వైపు ఇటుక బట్టీలకే పోతుందని, చిటికెడు కూడా గాలికెగరదని రాసుకుంది. బూడిద మా నెత్తినే పడుతోందని మిల్లు వెనక వీధివాళ్ల ఫిర్యాదు. నేను మిల్లు మాటే నిజమని సంతకం పెడితే ఆ ఫిర్యాదు ఖతం.

మేనేజరు నన్ను మిద్దెక్కించి వెనక వీధి చూపించాడు. ప్రతి డాబా మీదా తెల్ల దుప్పట్లు, ధోవతులు, స్కూలు చొక్కాలు. ఒక్క నల్లమచ్చ లేదు.

"సూడున్రి సార్. బూడిద పడితే గిట్ల ఎవలన్న ఆరేస్తరా?"

సర్వీసులో నాకు దొరికిన మొదటి రుజువు, అదీ ఇంత తెల్లగా! పెన్ను తీశాను. అయినా, ఒకసారి ఆ వీధిలోకి వెళ్లొస్తానన్నాను. ఆయన నవ్వు అలాగే ఉంది గానీ చాయ్ కప్పు నోటిదాకా పోలేదు.

"ఎండ మస్తుంది సార్."

"అలవాటే" అన్నాను. కాదు.

మొదటి ఇంటి ముందు ఒకామె బొంత పిండుతోంది. మెట్ల మీద ఆమె కూతురు ఆపకుండా దగ్గుతోంది.

"ఏందక్కా, ఇయ్యాల పండుగా? వీధంత ఉతికినట్టున్నరు?"

"తనిఖీ ఉన్నది గద. ఇయ్యాల బాయిలర్ బంద్. వాచ్‌మన్ నిన్ననే చెప్పిండు. మళ్ల ఎప్పుడొస్తరో ఏమో అని బొంతలు సుత పిండుతున్న."

నా రుజువు నేను వస్తున్నానని తెలిసి పుట్టింది.

"ఆ తనిఖీకొచ్చింది నేనే అక్కా."

బొంత ఆమె చేతిలోంచి జారింది. "అయ్యో సారూ! మా ఆయన గా మిల్లులనే హమాలి. నేను చెప్పిన అని రాయకున్రి, మీకు దండం పెడత."

తిరిగి వెళ్లేసరికి మేనేజరు ఫోన్ నా చెవికందించాడు. అవతల మా పెద్దసారు. "అంతా బాగుందటగా, సంతకం పెట్టి వచ్చెయ్."

"కడుపులో బాగాలేదు సార్, రేపు పెడతా" అన్నాను. అది మాత్రం నిజమే.

తెల్లారి ఎవరికీ చెప్పకుండా, నాకున్న ఒకే ఒక తెల్లచొక్కా తొడుక్కుని మళ్లీ బస్సెక్కి వచ్చి, ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. బాయిలర్ మండుతోంది. చివరికి చేరేసరికి చొక్కా మీద మిరియాలు చల్లినట్టుంది. ఫోటో తీసి, "మిల్లు చెప్పింది నిజం కాదు" అని రాసి, దాని కింద సంతకం పెట్టాను. ఆమె మాట ఒక్కటీ రాయలేదు. చొక్కా చాలు.

డాబా మీద ఆమె ఇంకా ఆరని బొంత దులుపుతోంది. నన్ను చూసి ముందు భయపడింది. తర్వాత నా చొక్కా చూసింది.

"ఇయ్యాల సుత వస్తున్నని మిల్లోళ్లకు చెప్పి రారాదు సారూ" అంది, "బొంతన్న ఆరేది."