మోసం గాదక్కా, వరుస

చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంటు కింది వాటాలో ఉండే ఆయన పోయాడని, నేను పాలు కాస్తుండగా వచ్చి చెప్పారు. పోయిన నెల సంగతి. ఈ వయసులో అలాంటి కబురుకు ముందు ఏడుపు రాదు, నీరసం వస్తుంది. పోట్లాడటానికి ఇంకో మనిషి తగ్గాడు, అంతే.

ఆయన శాసనసభ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా సభను వదల్లేదు. నారాయణగూడ మార్కెట్లో సంచి పట్టుకుని నిలబడి, "ముందు టమాటలా, ఆలుగడ్డలా, తేల్చు" అనేవాడు భార్యతో. ఆవిడ తేల్చేది కాదు, కొనేసేది.

పోయినేడు ప్రత్యేక రాష్ట్రం బిల్లు రోజుల్లో టీవీ పెడితే పార్లమెంటు వాయిదా. మా పై వాటాలో అద్దెకున్న ఆడపిల్లలు, గ్రూప్స్ పరీక్షలకని ఊళ్ళ నుంచి వచ్చి అశోక్‌నగర్ కోచింగుకు పోయేవాళ్ళు, ఆయన్ని మెట్ల మీద ఆపి అడిగేవారు.

"సార్, బిల్లు ఓడిపోయినట్టేనా?"

"ఓడాల్నంటే ముందు సభలకు రావాలె గద బిడ్డా. బిల్లు మీద ఓటు అందరికి కనబడ్తది. ఇయ్యాల దాన్ని ఎత్తుకోవాల్నా వద్దా అనే ఓటు ఎవ్వరికి పట్టది. కథంత ఆడనే ఉంటది."

ఆ పిల్లల మీదే మా అపార్ట్‌మెంటు సంఘం కన్ను పడింది. ఆందోళనల కాలం. విద్యార్థులంటే గొడవేనని కార్యదర్శి బెంగ. "విద్యార్థులకు అద్దెకివ్వరాదు" అని ఎజెండాలో పెట్టాడు. ఓటుకొస్తే నెగ్గేదే. చదువు మధ్యలో పిల్లలు వీధిన పడేవాళ్ళే.

సమావేశంలో కింది వాటా ఆయన లేచాడు. "అధ్యక్షా" అన్నాడు. మాకు అధ్యక్షుడంటూ ఎవరూ లేరు, అయినా. "ముందు నీళ్ళ ట్యాంకు సంగతి తీసుకుందాం. అవునన్నోళ్ళు చేతులెత్తుండ్రి."

నీళ్ళు వద్దనేవాళ్ళెవరు? ట్యాంకు మీద మొదలైన తగువు సీరియల్ టైము దాకా సాగింది, జనం లేచిపోయారు. తర్వాతి నెల పార్కింగు. ఆ పై నెల డ్రైనేజీ. పరీక్షలూ వాయిదా పడుతూనే ఉన్నాయి, పిల్లల అంశమూ పడుతూనే ఉంది.

"ఇది మోసం కాదుటయ్యా?" అన్నాను ఓసారి.

"మోసం గాదక్కా, వరుస."

వరుస మీద అంత పట్టింపున్నవాడు, పదేళ్ళ పెద్దదాన్ని నన్ను వదిలేసి ముందు పోవడమేమిటో నాకు బోధపడలేదు.

మొన్న ఆదివారం మళ్ళీ సమావేశం. ఆయన పేర రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. కూర్చోగానే కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. మొదటి అంశం, విద్యార్థుల అద్దె. ఇక అడ్డం పడేవాళ్ళు లేరని అతనికీ తెలుసు, మెట్ల మలుపులో నిలబడి వింటున్న పిల్లలకూ తెలుసు.

మూల కుర్చీలోంచి ఆయన భార్య మాట్లాడింది. "ముందు లిఫ్టు సంగతి చూడుండ్రి. మూడో అంతస్తుల ఆగుత లేదు."

ఆవిడ లిఫ్టు ఎక్కగా మాలో ఎవరూ చూడలేదు.

"మీది కింది వాటా కదమ్మా, మీకేం ఇబ్బంది?" అన్నాడు కార్యదర్శి.

"ఓటు వెట్టు నాయనా."

ఒక్కో చెయ్యీ లేచింది. ఆవిడది అందరికంటే ఆలస్యంగా, గాజుల్లేకుండా, సగం దాకా లేచి అక్కడే ఆగింది.